రీమర్ ఆర్డర్ చేసే ముందు

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

రైఫిల్ బ్యారెల్‌లో తూటా కూర్చునే గదిని ఛాంబర్ అంటాం, దాన్ని కోసే పనిముట్టే రీమర్. నువ్వు పంపిన మూడు రీమర్ల డ్రాయింగులనూ నిన్న రాత్రి పక్కపక్కన పరుచుకుని చూశాను: .223 రెమింగ్టన్, 5.56 నాటో, .223 వైల్డ్. మూడూ ఒకేలా కనిపిస్తున్నాయని రాశావు. తేడా అంతా దాదాపు గొంతులోనే ఉంది. తూటా అంటే కేసు, మందు, బుల్లెట్ కలిసిన మొత్తం; కేసులో బుల్లెట్‌ను పట్టుకునే సన్నని కొస దాని మెడ. ఆ మెడ ముగిసిన చోటి నుంచి రైఫ్లింగ్ గాడులు, అంటే బుల్లెట్‌ను తిప్పే మెలికల గీతలు, పూర్తిగా లేచేదాకా ఉండే ఆ కాస్త దూరాన్నే గొంతు అంటాం. ఏ డ్రాయింగు చేతికొచ్చినా నీ చూపు ముందు అక్కడికే వెళ్లాలి.

రెమింగ్టన్ ప్రామాణిక రీమర్‌లో గాడులు లేని నునుపు భాగం, అంటే ఫ్రీబోర్, సుమారు 25 థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. ఆ తర్వాత గాడులు 3 డిగ్రీలకు పైగా వాలుతో చప్పున లేస్తాయి. తేలికైన పొట్టి బుల్లెట్లకు అది చక్కగా సరిపోతుంది. నాటోలో ఫ్రీబోర్ 59 థౌలు, వాలు ఒకటింపావు డిగ్రీకి దగ్గర. ఆ ఫ్రీబోర్ వ్యాసం మాత్రం 0.2265 అంగుళాలు. బుల్లెట్ వ్యాసం 0.224 అంగుళాలే. మురికి పట్టినా సైనికుడి రైఫిల్ ఆగకూడదు కాబట్టి ఆ వదులు అక్కడ న్యాయమే. లక్ష్యం మీద బుల్లెట్లన్నీ దగ్గరదగ్గరగా పడాలని కోరే నీకు అది అక్కరలేదు, ఎందుకంటే వదులుగా ఉన్న బుల్లెట్ గాడుల్లోకి ఒరిగి చేరవచ్చు.

బిల్ వైల్డ్ ఈ రెండింటి మధ్య చిక్కును అందంగా విప్పాడు. ఫ్రీబోర్ పొడవును 62 థౌలు చేసి, వ్యాసాన్ని 0.224కే బిగించాడు. 80 గ్రెయిన్ల (గ్రెయిన్ బుల్లెట్ తూకం కొలమానం) పొడవైన బుల్లెట్‌ను బయటికి అమర్చి ఒక్కొక్కటిగా పేల్చినా, మ్యాగజైన్‌లో పట్టే పొట్టి తూటాలు వాడినా గురి నిలుస్తుంది. నువ్వు చెప్పిన పోటీలకు నేనైతే ఇదే తీసుకుంటాను. ఒక్క విషయం గట్టిగా పట్టుకో: 5.56 తూటాను .223 రెమింగ్టన్ ఛాంబర్‌లో ఎన్నడూ పేల్చకు. పొట్టి గొంతులో పీడనం ప్రమాదకరంగా పెరగవచ్చు.

ఇక ఛాంబర్‌లో తూటా మెడ పట్టే చోటు సంగతి. బిగువు మెడ అంటే ఎక్కువ గురి అని నమ్మి నా తొలి రోజుల్లో అలాంటి రీమరే తెప్పించాను. తర్వాత ప్రతి కేసు మెడనూ చెక్కితే తప్ప తూటా పట్టలేదు. మెడ చెక్కని తూటాను ఛాంబర్‌లో పెట్టి బలవంతంగా మూస్తే బుల్లెట్‌ను వదలడానికి మెడకు చోటుండదు, పీడనం ఎగబాకుతుంది. ఆ బ్యారెల్‌తో ఒక్క రోజైనా నిశ్చింతగా కాల్చలేకపోయాను. బుల్లెట్ అమర్చిన తూటా మెడను మైక్రోమీటర్‌తో కొలిచి, మొత్తం మూడు థౌల ఖాళీ ఉండేలా అడుగు.

రీమర్ కొసన బ్యారెల్ రంధ్రంలో దారి చూపే భాగం పైలట్; దాని మీది చిన్న ఉంగరం, అంటే బుషింగ్, మార్చుకోగలిగే రీమర్‌నే ఎంచుకో, ప్రతి బ్యారెల్ రంధ్రానికీ సరిగ్గా అమరుతుంది. పదును పెట్టిన పాత రీమర్ ఇస్తామంటే కొలతలు మళ్లీ తీయించు, పదును పెట్టిన ప్రతిసారీ అది కొంత సన్నబడుతుంది. కోత మాత్రం లైసెన్సు ఉన్న గన్‌స్మిత్ చేతనే జరగాలి. హెడ్‌స్పేస్‌ను, అంటే మూసిన ఛాంబర్‌లో తూటాకు దొరికే పొడవును, గో, నో-గో గేజులతో (మొదటిదానిపై బోల్టు మూసుకోవాలి, రెండోదానిపై మూసుకోకూడదు) నీ ఎదుటే చూపమని అడుగు.

మందూ, దాన్ని అంటించే ప్రైమరూ లేని డమ్మీ తూటాలు రెండు, నువ్వు వాడబోయే బుల్లెట్‌తోనే అమర్చి పంపు. వాటిని కొలిచాకే ఆర్డర్ పెడదాం.

నీ మేనమామ