వంటింటి ప్లగ్గులు – మీ సందేహాలు

ప్రశ్న: మా ఇల్లు కట్టి ఇరవై ఏళ్లు దాటింది. వంటగట్టు పైన ఉన్నది ఒకే స్విచ్‌బోర్డు. ఇండక్షన్ స్టవ్‌ను కన్వర్టర్ ప్లగ్గుతో చిన్న సాకెట్టుకే పెడుతున్నాం. ఉదయం కెటిల్, రైస్ కుక్కర్, మిక్సీ కూడా నడిస్తే కాసేపటికి ఎం.సి.బి. (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ 16 ఆంపియర్లది తీసి 32 ఆంపియర్లది వేస్తానంటున్నాడు. తడిచేత్తో గ్రైండర్ ముట్టుకుంటే జివ్వుమంటోంది, చెప్పులు వేసుకుంటే ఏమీ ఉండదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఎం.సి.బి.ని మాత్రం మార్చనివ్వకండి. స్టవ్ 2000, కెటిల్ 1500, కుక్కర్ 700, మిక్సీ 750 వాట్లు అనుకుంటే మొత్తం 4950 వాట్లు. 230 వోల్టుల దగ్గర అది దాదాపు 21.5 ఆంపియర్లు. గోడలో ఉన్న తీగ కాలిపోకుండా చూడటమే ఎం.సి.బి. పని కాబట్టి, అది పడిపోవడం లోపం కాదు. ఆ కాలపు ఇళ్లలో తరచుగా కనిపించే 1.5 లేదా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీద 32 ఆంపియర్ల ఎం.సి.బి. పెడితే, అది పడేలోపే తీగ పైతొడుగు గోడ లోపలే మెత్తబడుతుంది.

మెయిన్ ఆపి స్టవ్ ప్లగ్గును ఒకసారి బయటికి తీసి చూడండి. పిన్నులు నల్లబడి, సాకెట్టు రంధ్రాల అంచులు గోధుమరంగుకు తిరిగి, కమురు వాసన వస్తుంటే లోపలి బిగింపు వదులైందన్నమాట. 6 ఆంపియర్ల సాకెట్టు 1380 వాట్లకు మించి మోయకూడదు. మీ స్టవ్‌కు 8.7 ఆంపియర్లు కావాలి. కన్వర్టర్ వల్ల పిన్ను పడుతుందే గాని సాకెట్టు సామర్థ్యం పెరగదు. డిస్ట్రిబ్యూషన్ బోర్డు (ఎం.సి.బి.లు ఉండే పెట్టె) నుంచి స్టవ్ కోసం విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించి, 20 ఆంపియర్ల ఎం.సి.బి.తో 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు పెట్టించండి. అది సింకుకూ పొయ్యికీ దూరంగా ఉండాలి.

గ్రైండర్ సంగతి ఇంతకంటే తొందరైనది. దాని లోహపు ఒంటికి కరెంటు చేరుతోంది, ఎర్తింగ్ దాన్ని భూమిలోకి తీసుకుపోవడం లేదు. మూడో పిన్ను మిగతావాటి కంటే పొడవుగా ఉండేది ఎర్తే అన్నిటికంటే ముందు తగలాలని. ఎర్త్ తీగ లేని ఇళ్లలో కొందరు సాకెట్టులో ఆ పిన్ను రంధ్రాన్ని న్యూట్రల్‌కే (కరెంటు తిరిగి వెళ్లే తీగకే) కలిపేస్తారు. టెస్టర్‌కు ఏమీ తెలియదు గాని, న్యూట్రల్ ఎక్కడైనా తెగిన రోజున గ్రైండర్ ఒళ్లంతా ఫేజు (కరెంటు వచ్చే తీగ) అవుతుంది. ఎర్తింగ్ సరిచేయించి, దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) కూడా పెట్టించండి. ఎర్త్ ఉంటే లీకేజీ మొదలైన క్షణంలోనే అది పడుతుంది, లేకపోతే మీ చెయ్యి తగిలేదాకా ఆగుతుంది. దాని మీది టెస్ట్ మీటను నెలకొకసారి నొక్కి చూడండి. ఇవన్నీ అయ్యేవరకు చెప్పుల ధైర్యంతో ఆ గ్రైండర్ జోలికి పోకండి, పిండి బయట పట్టించుకోండి.