మధ్యయుగ ఇంగ్లాండులో సెర్ఫ్ అంటే బానిసేనా?

సెర్ఫ్ అంటే దొర భూమికి కట్టుబడి బతికే రైతు. అచ్చంగా బానిస కాదు, అలాగని స్వేచ్ఛ ఉన్న రైతూ కాదు. ఇంగ్లాండులో వీళ్లను విల్లెయిన్‌లు అనేవారు. సాధారణంగా భూమి చేతులు మారితే దానితో పాటే వీళ్లూ కొత్త దొర కిందికి వెళ్లేవారు. సొంతానికి సాగు చేసుకోవడానికి కొంత భూమి ఉండేది. బదులుగా చాలాచోట్ల వారానికి రెండు మూడు రోజులు దొర పొలంలో కూలి లేకుండా పని చేయాలి. మన తెలంగాణ వెట్టి గుర్తొస్తుంది కానీ, రెండూ ఒకటే అనలేం.

అసలు బాధ చిన్న చిన్న వసూళ్లది. కూతురి పెళ్లికి దొర అనుమతి కావాలి, దానికో రుసుము. ఇంటి పెద్ద చనిపోతే కొట్టంలోని మంచి పశువును దొర తోలుకుపోతాడు. పిండి కూడా దొర మరలోనే ఆడించి, అందులో వాటా ఇవ్వాలి. సెయింట్ ఆల్బన్స్ అనే ఊళ్లో దొర స్థానంలో ఉన్న క్రైస్తవ మఠాధిపతి జనం ఇళ్లలోని తిరగళ్లు లాక్కుని, వాటి రాళ్లను తన గదిలో నేలకు పరిపించాడు! 1381 రైతుల తిరుగుబాటులో జనం ఆ నేల తవ్వి, రాళ్లు పగలగొట్టి ముక్కలు పంచుకున్నారు.

ఆ తిరుగుబాటును అణిచేశారు. వ్యవస్థను నిజంగా కదిలించింది అంతకు ముందే 1348లో వచ్చిన ప్లేగు. జనాభాలో మూడో వంతుకు పైగా పోయారు, పనివాళ్లు దొరకడం కష్టమైంది. పాత కూలికే పని చేయాలని 1351లో చట్టం తెచ్చినా జనం పెద్దగా ఆగలేదు. ఎక్కువ కూలి ఇచ్చే చోటికి వెళ్లిపోయారు.