విస్లర్‌లో స్కీయింగ్‌పై సందర్శకుల అభిప్రాయాలు ఇంత భిన్నంగా ఎందుకున్నాయి?
కెనడాలోని విస్లర్ బ్లాక్‌కోంబ్ అనే స్కీ కేంద్రానికి వెళ్లివచ్చినవారిలో కొందరు దానికి సాటి లేదంటారు, మరికొందరు వాన, పొగమంచు, రద్దీ తప్ప ఏమీ చూడలేదంటారు. ఇద్దరి మాటా నిజమే. పసిఫిక్ తీరానికి దగ్గరగా ఉన్న ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 675 మీటర్ల ఎత్తులోనే ఉండగా, స్కీ చేసేవారిని కొండపైకి చేర్చే లిఫ్టులు 2,200 మీటర్లు దాటి వెళతాయి కాబట్టి, కింద వాన కురిపించిన మేఘమే పైన మంచు కురిపిస్తుంది.

మెచ్చుకునేవారు ముందుగా చెప్పేది విస్తీర్ణం గురించే: విస్లర్, బ్లాక్‌కోంబ్ అనే రెండు కొండల మీద 200కు పైగా స్కీ మార్గాలున్నాయి, వాటిని 4.4 కిలోమీటర్ల పొడవైన గొండోలా (తీగపై వేలాడుతూ సాగే క్యాబిన్ల లిఫ్టు) 2008 నుంచి కలుపుతోంది. అయితే మబ్బు దిగిన రోజున చెట్లు లేని పై వాలుల్లో నేల ఎక్కడుందో కూడా తెలియదు. అలాంటప్పుడు చెట్ల నడుమ సాగే మార్గాలకు దిగిపోవాలని నేను గట్టిగా చెబుతాను, అనుభవం తక్కువైనవారికి ఇది భద్రతకు సంబంధించిన విషయం కూడా.

రద్దీకి కారణం సులభం: పెద్ద నగరమైన వాంకూవర్ సుమారు 120 కిలోమీటర్ల దూరమే. వీలైతే శని, ఆదివారాలను వదిలి వెళ్లండి. కొత్తగా నేర్చుకునేవారికి విస్లర్ కొండ నడుమ ఉన్న ఒలింపిక్ స్టేషన్ దగ్గరి వాలు అనువైనది.