శ్రీశైలం పోయే ముందు హెల్మెట్ సంగతి చూడు

అమ్మలూ,

మీ అమ్మ నిన్న రాత్రి ఫోన్ చేసింది. నువ్వు బండి బుక్ చేశావట, అదీ మూడొందల యాభై సీసీ అట, చేతికొచ్చిన రెండో వారమే శ్రీశైలం పోతానంటున్నావట. "నువ్వే ఏదో ఒకటి చెప్పు దానికి" అంది. అంటే వద్దని చెప్పమని. నేను చెప్పను. నీ వయసులో సెకండ్‌హ్యాండ్ యెజ్డీ బండి కొని మీ తాతయ్యతో మూడు నెలలు మాటల్లేకుండా ఉన్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని చెప్తాను? అందుకే బండి జోలికి పోకుండా, నెత్తిన పెట్టుకునేదాని గురించి, ఒంటిమీద వేసుకునేదాని గురించి రాస్తున్నా.

ముందు హెల్మెట్. కొట్టుకి పోయే ముందే ఇంట్లో తల కొలుచుకో. మీ అమ్మ కుట్టుమిషన్ సొరుగులో టేపు ఉంటుంది. కనుబొమ్మలకి ఒక వేలి వెడల్పు పైన మొదలుపెట్టి, చెవుల మీదుగా, వెనకవైపు తల బాగా ఉబ్బిన చోటు చుట్టి చూడు. మన కంపెనీలు చాలావరకు 580 అంటే మీడియం, 600 అంటే లార్జ్ అని మిల్లీమీటర్లలో రాస్తాయి. కొట్టువాడు కచ్చితంగా ఒక మాట అంటాడు చూడు: "జడ ఉంది కదా మేడమ్, ఒక సైజు పెద్దది తీసుకోండి." వినకు. కొప్పు పెట్టకు, జడ మెడ దగ్గర కిందికి వేసుకో, నీ సైజే తీసుకో.

కొత్త హెల్మెట్ పెట్టుకుంటే అద్దంలో నోట్లో రెండు పూర్ణాలు కుక్కుకున్నట్టు కనిపించాలి. బుగ్గల మెత్తలు కొన్ని వారాల్లో అణిగి సర్దుకుంటాయి. ఈరోజే హాయిగా ఉన్నది దసరాకల్లా తలమీద గిరగిరా తిరుగుతుంది. తల అటూ ఇటూ ఊపితే నుదుటి చర్మం హెల్మెట్‌తో పాటే కదలాలి. క్లిప్ పెట్టుకుని, వెనక అంచు పట్టుకుని ముందుకి లాగమను ఎవరినైనా. ఊడి వచ్చిందా, అక్కడే పెట్టేసి రా. గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లు పట్టాలి, మూడోది పట్టకూడదు. పావుగంట పెట్టుకునే ఉండు, కొట్టువాడు విసుక్కున్నా సరే. నుదుటి మీద ఒకేచోట పొడిచినట్టు ఉంటే సైజు మార్చినా లాభం లేదు, నీ తల ఆకారానికి ఆ మోడల్ కుదరదు. వేరేది చూడు.

సగం హెల్మెట్ మాట ఎత్తకు. ముందుకి పడితే నేలకి తగిలేది గడ్డమే. ఫుల్ ఫేస్ తీసుకో. ఐఎస్ఐ ముద్ర, దాని పైన ఐఎస్ 4151 అన్న హెల్మెట్ ప్రమాణం నంబరు, కింద సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్స్ నంబరు ఉండాలి. ఆ లైసెన్స్ నంబరు, ముద్ర ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు వస్తుంది. 2021 జూన్ 1 నుంచి ఆ ముద్ర లేని హెల్మెట్ అమ్మడమే నేరం. అయినా ఫుట్‌పాత్‌ల మీద కుప్పలు పోసి అమ్ముతూనే ఉన్నారు, ముద్ర కూడా స్టిక్కరే కదా, దొంగది అంటించొచ్చు. మీ అమ్మ వెనక కూర్చుంటుంది కాబట్టి ఆవిడకీ ఒకటి కొను. చట్టం అటుంచు, ఆవిడ నోరు మూయించడానికి అదే మంచి దారి.

ఇప్పుడు నా బుద్ధితక్కువ పని ఒకటి చెప్తా. కొన్నేళ్ల కిందట తొలకరి వానలో లంగర్‌హౌజ్ దగ్గర జారిపడ్డా. మొదటి వానకి రోడ్డు మీది ఆయిలంతా తేలి సబ్బు పూసినట్టు ఉంటుంది. మోచెయ్యి గీసుకుపోయింది, తల నేలకి తగిలింది, హెల్మెట్ మీద చూస్తే బొటనవేలంత గీత. అంతేలే అనుకుని అదే ఎనిమిది నెలలు వాడా. ఒకరోజు ఉతుకుదామని లోపలి మెత్తలు లాగితే, ఎడమ చెవి పైన, మెత్తల వెనకుండే థర్మాకోల్ రూపాయి బిళ్లంత మేర లోపలికి నొక్కుకుపోయి ఉంది, దాని నుంచి వెంట్రుకంత చీలిక. ఆ థర్మాకోల్ ఒక్కసారే నలుగుతుంది. దెబ్బని తను తీసుకుని అణిగిపోతుంది, మళ్లీ పైకి లేవదు. అంటే ఎనిమిది నెలలు ఆ వైపు ఉత్త ప్లాస్టిక్ డొప్ప పెట్టుకుని తిరిగా. తర్వాత దాని పట్టీలు కోసేశా, ఎవరూ తీసుకుని వాడకుండా. మీ అత్తయ్య అందులో మనీప్లాంట్ వేసింది.

పడకపోయినా మన చేతులతోనే పాడు చేస్తాం. ఇరానీ చాయ్ తాగడానికి ఆగినప్పుడు చూడు, అందరి హెల్మెట్లూ అద్దాలకి వేలాడుతుంటాయి. అద్దం మొన రోజూ అదే థర్మాకోల్‌ని పొడుస్తుంది. పెట్రోల్ ట్యాంకు మీద పెట్టకు, పెట్రోల్ ఆవిరి దానికి పడదు. థిన్నర్‌తోనో పెట్రోల్‌తోనో మరకలు తుడవకు. కింద నేలమీద పెట్టడమే అన్నిటికంటే క్షేమం. లోపల తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, అక్కడి నుంచి అయిదేళ్లు వాడితే చాలు.

మన ఇళ్లలో అసలు శత్రువు కొబ్బరినూనె. తలకి పట్టించి, పైన హెల్మెట్ పెట్టి, మే నెల ఎండలో పోతే ఆ మెత్తలు వారంలో మురికి వాసన. లోపల పలుచటి నూలు గుడ్డ కట్టుకో. నెలకోసారి మెత్తలు ఊడదీసి పిల్లల షాంపూతో చేత్తో పిండి నీడన ఆరెయ్యి. శ్రీశైలం దారిలో మన్ననూర్ దాటాక అడవిలో హెల్మెట్ గ్లాస్ నిండా పురుగులు అంటుకుంటాయి. గోకకు. తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచితే నాని వాటంతటవే వస్తాయి. నల్ల గ్లాస్ స్టయిలే కానీ, తిరుగుప్రయాణంలో చీకటి పడితే గుడ్డిదానివవుతావు. తెల్లది బిగించుకో.

లెదర్ జాకెట్ గురించి అడిగావట. నిజం చెప్పాలంటే మే నెలలో పంజాగుట్ట సిగ్నల్ దగ్గర లెదర్ జాకెట్‌తో నిలబడటం తందూర్‌లో కూర్చోవడమే. ఎండాకాలానికి మెష్ జాకెట్, అంటే గాలాడే జాలీ గుడ్డది కొను. డిసెంబర్ తెల్లవారుజామున శ్రీశైలం బయల్దేరితే మాత్రం లెదర్‌ని మించింది లేదు, రోడ్డు మీద జారినా తొందరగా చిరగదు. ఏది కొన్నా భుజాలకి, మోచేతులకి, వీపుకి ప్యాడ్లు ఉన్నాయా చూడు. వీపు దగ్గర చాలాసార్లు ఉత్త స్పాంజి పెట్టి ఊరుకుంటారు. ప్యాడ్ బయటికి తీసి దానిమీద ఈఎన్ 1621 అని (ఇలాంటి ప్యాడ్లకి యూరప్ వాళ్ల ప్రమాణం) ఉందా, 1 ఉందా 2 ఉందా చదువు. 2 అయితే దెబ్బని ఎక్కువ ఆపుతుంది. లెదర్ పేరుతో రెగ్జిన్ అంటగడతారు. లోపల కోసిన అంచు చూడు. పీచులా ఉంటే తోలు, గుడ్డ మీద ప్లాస్టిక్ పొరలా ఉంటే మన ఎండకి రెండేళ్లలో పొట్టు రాలుతుంది. నిలబడి కాదు, బండి మీద కూర్చున్నట్టు చేతులు చాచి వేసి చూసుకో. చేతి మణికట్టు బయటపడితే పొట్టి. గ్లవ్స్ కూడా అంతే, పట్టీ బిగించాక లాగితే రాకూడదు.

లెదర్ జాకెట్ తడిస్తే ఎండలో వెయ్యకు, ఫ్యాన్ గాలికి వెడల్పాటి హ్యాంగర్ మీద ఆరనివ్వు. నా జాకెట్‌ని వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లో చుట్టి అటక మీద పెడితే దీపావళికి తెల్లగా బూజు పట్టింది. తుడిచేసి ఊరుకోక, మీ అత్తయ్య మాట విని కొబ్బరినూనె రుద్దా. నల్లబడి జిడ్డుదేరి, వేసుకుంటే నేను ఒక కిలోమీటరు ముందే వస్తున్నట్టు వాసన. లెదర్ కండిషనర్ అని దొరుకుతుంది, ఏడాదికి రెండుసార్లు గుడ్డతో పల్చగా రాస్తే చాలు. పాత దుప్పటి కప్పి గాలాడే చోట వేలాడదియ్యి.

ఆదివారం పొద్దున ఇటు రా, కోఠి వైపు పోయి రెండు మూడు కొట్లు చూద్దాం. తలకి నూనె పెట్టుకుని మాత్రం రాకు.

మీ మామయ్య