ముహూర్తం కంటే ముందు ఆ అట్టపెట్టె విప్పండి

చిట్టీ,

అమెరికాలో చట్టబద్ధంగా ఉండే అనుమతి, అదే ఇమిగ్రేషన్ స్టేటస్, పోయిన అబ్బాయిని పెళ్లి చేసుకుంటానన్న నీ మెసేజ్ రాత్రి పడుకోబోయేముందు చూశాను. ఫోన్లో అయితే మాట మీద మాట వచ్చి అసలు సంగతి పక్కకు పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను. పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "అక్కా, స్టేటస్ లేనివాడికి పిల్లనెలా ఇస్తాం?" అంది. దాని బాధ దానిది. మావాడి పెళ్లప్పుడు నేనూ ఇంచుమించు అదే మాటన్నాను. అప్పుడు స్టేటస్ లేనిది పిల్లకి, అంతే తేడా. ఆ పిల్లే ఇప్పుడు నాకు బీపీ మాత్రలు గుర్తుచేసే కోడలు. కాబట్టి ఈ పెళ్లి వద్దని చెప్పడానికి రాయడం లేదు. "పెళ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయి పెద్దమ్మా" అని రాశావు చూడు, ఆ ఒక్క ముక్క దగ్గరే నాకు భయం పట్టుకుంది.

పెళ్లితో స్టేటస్ రాదు. అప్లై చేసుకునే దారి ఒకటి తెరుచుకుంటుంది, అదీ అందరికీ ఒకేలా కాదు. ఈ దేశంలో ఎన్నాళ్లుగా ఉన్నాడన్నదాని కంటే చివరిసారి ఎలా అడుగుపెట్టాడన్నదే ముఖ్యం. ఆ అబ్బాయి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చాడన్నావు. ఎయిర్‌పోర్టులో ఆఫీసరు పాస్‌పోర్టు చూసి ముద్ర వేసి లోపలికి పంపాడంటే, ఆ ముద్ర బంగారం. అలా వచ్చినవాడికి తర్వాత స్టేటస్ పోయినా, పర్మిట్ లేకుండా పనిచేసినా, భార్య సిటిజన్ అయితే ఇక్కడే ఉండి గ్రీన్ కార్డుకి పెట్టుకోవచ్చు. ముద్ర లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్ల కథ వేరు. వాళ్లలో చాలామంది వీసా కోసం దేశం దాటాలి. దాటగానే, ఇక్కడ 180 రోజులకు మించి చట్టవిరుద్ధంగా ఉన్నందుకు మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు తిరిగి రానివ్వరు. దానికి మినహాయింపు అడగొచ్చుగానీ, సిటిజనో గ్రీన్ కార్డో ఉన్న జీవిత భాగస్వామికి, లేదా తల్లిదండ్రులకి, మామూలు కష్టం కాదు, తీవ్రమైన కష్టం అవుతుందని రుజువు చేసుకోవాలి. పిల్లల కష్టం నేరుగా లెక్కలోకి రాదు.

"భార్య సిటిజన్ అయితే" అన్నాను, గమనించావా? నీది ఇంకా గ్రీన్ కార్డే. నీలాంటివాళ్ల భర్తలకి ఆ మన్నింపు లేదు, స్టేటస్ పోయినవాళ్లు ఇక్కడ ఉండి మార్చుకోవడం కుదరదు. నీకు వచ్చే మార్చికి ఐదేళ్లు నిండుతాయి కదా, అంతకు 90 రోజుల ముందే సిటిజన్‌షిప్‌కి పెట్టుకోవచ్చు. ముందు ఆ పని చెయ్యి. పెళ్లి ఎప్పుడు చేసుకున్నా నష్టం లేదు. భర్త కోసం నువ్వు వేసే అర్జీ ఐ-130 ముందే వేసినా, ప్రమాణం చేసి సిటిజన్ అయిన రోజున అదే అర్జీ సిటిజన్ భార్య వేసిన అర్జీగా మారుతుంది. కానీ అతను గ్రీన్ కార్డుకి పెట్టే అర్జీ ఐ-485 మాత్రం నువ్వు సిటిజన్ కాకముందు వెయ్యొద్దు. తొందరపడి వేసి, అది తిరస్కరిస్తే, అతన్ని నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకే పంపొచ్చు.

ఇక కాగితాల అట్టపెట్టె సంగతి. మా కోడలు మా ఇంటికి వచ్చిన మూడోసారి అనుకుంటా, ఒక చెప్పుల డబ్బా పట్టుకొచ్చి డైనింగ్ టేబుల్ మీద బోర్లించింది. పాత పాస్‌పోర్టు, దేశంలోకి వచ్చినట్టు చూపే ఐ-94 ప్రింటు, మూడు కాలేజీలు ఇచ్చిన ఐ-20 ఫారాలు, చదువయ్యాక పనికిచ్చే ఓపీటీ కార్డు, పే స్టబ్బులు, వాటి మధ్య ఎప్పటిదో రంగు వెలిసిన పార్కింగ్ టికెట్టు. "అత్తయ్యా, ఇందులో దాచిందేమీ లేదు" అంది. ఆ రోజే ఆ పిల్ల నాకు నచ్చింది. నువ్వూ ఆ అబ్బాయిని అలా అడుగు. అనుమానంతో కాదు. రేపు ఆఫీసరు అడిగేవి ఈరోజు నువ్వు అడిగితే తప్పేంటి?

మూడు విషయాలు మాత్రం పట్టుబట్టి అడుగు. ఎప్పుడైనా ఉద్యోగంలో చేరేటప్పుడు పని అర్హత చూపే ఐ-9 ఫారం నింపేటప్పుడు "అమెరికా పౌరుడిని" అన్న గడిలో టిక్కు పెట్టాడా? గ్యాస్ స్టేషన్లో ఎవరో "ఇక్కడ టిక్కు పెట్టు తమ్ముడూ" అంటే పెట్టేస్తారు మనవాళ్లు. ఓవర్‌స్టే, పర్మిట్ లేని పని అయినా మన్నిస్తారేమోగానీ, పౌరుడినని అబద్ధం చెప్పినదానికి గ్రీన్ కార్డు దగ్గర మన్నింపంటూ దాదాపు లేదు. రెండోది, ఇమిగ్రేషన్ కోర్టు నుంచి నోటీసు వచ్చిందా? ఇళ్లు నాలుగు మారాడన్నావు. పాత అడ్రసుకి నోటీసు పోయి, అతను రాలేదని జడ్జి పంపించేయమని ఆర్డరు ఇచ్చేసి ఉండొచ్చు, అతనికి తెలియకపోవచ్చు కూడా. ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే ఏ-నంబరు ఉంటే ఇమిగ్రేషన్ కోర్టుల వెబ్‌సైటులో రెండు నిమిషాల్లో చూడొచ్చు. మూడోది, పోలీసు అరెస్టులు. చిన్నదైనా సరే, కొట్టేసిన కేసైనా సరే.

ఈ మూడింటికీ జవాబులు చేతిలో పెట్టుకుని లాయరు దగ్గరికి వెళ్లండి. లాయరంటే లాయరే. మేం మొదట "ఫారాలన్నీ నేనే నింపేస్తా" అన్న ఒక కన్సల్టెంటు చేతిలో పడ్డాం. మనవాడే, పూజల్లో కలిసేవాడే. ఒక ప్రశ్నకి తప్పు జవాబు రాసి పంపాడు. దాన్ని దిద్దుకోవడానికి ఏడు నెలలు, డబ్బు, నా సగం జుట్టు పోయాయి. లైసెన్సు ఉందో లేదో లాయర్లకి లైసెన్సిచ్చే రాష్ట్ర సంస్థ వెబ్‌సైటులో చూసుకోవచ్చు, నువ్వే చూడు.

గ్రీన్ కార్డు చేతికి వచ్చేదాకా ఇండియా ప్రయాణం మాటెత్తొద్దు. అతనిలా ఎఫ్-1 మీద వచ్చినవాళ్లకి ఐ-94 మీద తేదీ బదులు డి/ఎస్, అంటే స్టేటస్ ఉన్నంతకాలం, అని వేసి ఉంటుంది కాబట్టి ఆ మూడేళ్లు పదేళ్ల లెక్క వాళ్లకి వేరేగా నడుస్తుంది. కానీ ఆ లెక్క లాయరు కట్టాలి, వాట్సాప్ గ్రూపు కాదు. అర్జీ వేశాక కూడా తిరిగి రావడానికి ముందే ఇచ్చే అనుమతి, అడ్వాన్స్ పెరోల్, చేతికి రాకుండా దేశం దాటితే అర్జీ వదులుకున్నట్టే. వాళ్ల నాన్నగారికి డయాలసిస్ నడుస్తోందని రాశావు. అందుకే చెబుతున్నాను. మా కోడలి నాన్న పోయినప్పుడు ఆ పిల్ల ఫోన్ని చక్కెర డబ్బాకి ఆనించుకుని, స్టవ్ పక్కన నిలబడి దహనం చూసింది. ఏడవలేదు. మధ్యలో సిగ్నలు పోతే "అన్నయ్యా, కనబడట్లేదు" అని మాత్రం అంటోంది. అలాంటి రోజు మీకూ రావచ్చు. దాన్ని ఎలా తట్టుకుంటారో ఇప్పుడే మాట్లాడుకోండి.

అతని పోషణ బాధ్యత నీదని రాసిచ్చే ఐ-864 ఫారం మీద సంతకం పెట్టేముందు నువ్వు ఒక్కసారి చదువు. అప్పటికి మావాడి జీతం చాలలేదు, అందుకని జాయింట్ స్పాన్సరుగా నేనూ సంతకం పెట్టాను. నీ విషయంలో ఆ అబ్బాయి సిటిజన్ అయ్యేదాకా, లేదా సుమారు పదేళ్ల పని లెక్కలోకి వచ్చేదాకా, లేదా ఈ దేశం శాశ్వతంగా వదిలి వెళ్లేదాకా ఆ బాధ్యత నీదే. విడాకులైనా పోదు. నా పెన్ను కాసేపు గాల్లోనే ఆగిపోయింది, దాచడం ఎందుకు.

గ్రీన్ కార్డు ఇంటర్వ్యూకి అంత హడావుడి పడకు. కలిసి బతికేవాళ్లకి కాగితాలు వాటంతటవే తయారవుతాయి: ఇద్దరి పేర్ల మీద లీజు, బ్యాంకు ఖాతా, ఇన్సూరెన్సు. ఒక్కటి మాత్రం ముందే సరిచూసుకోండి, పెళ్లి తేదీ. మావాడి ముహూర్తం రాత్రి రెండు గంటల నలభై నిమిషాలకి. శుభలేఖలో శనివారం రాత్రి అని వేయించాం, సర్టిఫికెట్లో ఆదివారం తేదీ పడింది. ఆఫీసరు అడిగితే మావాడు శనివారం అన్నాడు, కోడలు ఆదివారం అంది. లగ్నం, తెల్లవారుజాము అంటూ పావుగంట వివరించాల్సి వచ్చింది. న్యూజెర్సీలో పెళ్లి లైసెన్సుకి అప్లై చేశాక 72 గంటలు ఆగాలి, పంతులుగారికి ముందే చెప్పండి. 2025 చివర్లో శాన్ డియాగోలో ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లనే అదుపులోకి తీసుకున్నారు, కాబట్టి లాయరు పక్కన లేకుండా ఆ గదిలోకి అడుగుపెట్టొద్దు.

అన్నట్టు, పెళ్లయి రెండేళ్లు నిండకముందే కార్డు వస్తే అది రెండేళ్ల షరతు కార్డే. గడువు తీరే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఆ షరతు తీసేయమని ఐ-751 అర్జీ వేయాలి. క్యాలెండర్లో ఇప్పుడే రాసిపెట్టుకో.

ఇంకొక్క మాట, ఇది మీ అమ్మకి చూపించకు. ఇంట్లో కాగితం ఉన్నది నీ చేతిలో. ఎంత గొడవైనా "కంప్లైంట్ చేస్తా, వెనక్కి పంపిస్తారు" అన్న మాట నీ నోట రాకూడదు. మావాడు ఒకసారి అన్నాడు. తర్వాత నెల రోజులు ఆ పిల్ల ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా తిరిగింది. అలా బెదిరింపులతో, హింసతో బతికే భార్యకో భర్తకో సొంతంగా అప్లై చేసుకునే హక్కు చట్టంలో ఉందని కూడా తెలుసుకో.

శనివారం అబ్బాయిని తీసుకుని రా. అట్టపెట్టె మరిచిపోవద్దని చెప్పు, పాత పాస్‌పోర్టు తప్పకుండా ఉండాలి. టేబుల్ ఖాళీ చేసి ఉంచుతాను. మీ అమ్మతో నేను ఆదివారం మాట్లాడతాను, అంతవరకు దాని ఫోనొస్తే ఎత్తు, వాదించకు.

నీ పెద్దమ్మ