గొట్టం వైద్యానికి ఒప్పుకునే ముందు

హనుమకొండ

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. బావకు కాలేయంలో క్యాన్సర్ గడ్డ, పక్కన లింఫ్ గ్రంథులకూ పాకింది, "గొట్టంతో మందు పెడతారట మామా, సంతకం పెట్టమంటావా" అన్నావు. మా అన్నకు రెండుసార్లు అదే చేయించాను కాబట్టి రాస్తున్నా.

దాన్ని టేస్ అంటారు. తొడ మొదట్లో, కొన్నిచోట్ల మణికట్టు దగ్గర, చిన్న రంధ్రం చేసి సన్నటి గొట్టాన్ని కాలేయం దాకా పంపుతారు. మామూలు కాలేయానికి ముప్పావు వంతు రక్తం పోర్టల్ సిర నుంచి, అంటే పేగుల నుంచి కాలేయానికి వచ్చే పెద్ద రక్తనాళం నుంచి వస్తుంది. గడ్డ మాత్రం ఎక్కువగా ధమని రక్తం మీదే బతుకుతుంది. ఆ ధమనిలోకి కీమో మందు వదిలి దారి మూసేస్తారు.

అయితే అది పనిచేసేది గొట్టం చేరిన చోటే. గ్రంథుల జోలికి పోదు. మేము మొదట వెళ్లిన ఆసుపత్రిలో ఈ ముక్క ఎవరూ చెప్పలేదు, ప్యాకేజీ ఎంతో మాత్రం చెప్పారు. రెండోసారి అయ్యాక ఇంకో డాక్టర్ సీటీ స్కాన్ చూసి, "కాలేయంలో తగ్గింది, గ్రంథులు పెరిగాయి" అన్నాడు. అప్పటికి నాలుగు నెలలు పోయాయి. జబ్బు కాలేయం దాటాక ఒంటినిండా పనిచేసే మందే ముందు. అటెజోలిజుమాబ్, బెవాసిజుమాబ్ కలిపి సెలైన్‌లో ఎక్కిస్తారు, లేదంటే లెన్వాటినిబ్, సొరాఫెనిబ్ లాంటి మాత్రలు. టేస్ కొందరికి దానికి తోడుగా చేస్తారు. అందుకే మొహమాటపడకుండా అడుగు: గ్రంథులకు ఏమిస్తారు? ఇది ఇప్పుడే ఎందుకు? కామెర్లున్నా, పొట్టలో నీరు చేరినా, పోర్టల్ సిర మూసుకుపోయినా టేస్ వల్ల మిగిలిన మంచి కాలేయం కూడా దెబ్బతినొచ్చు. బెవాసిజుమాబ్‌తో రక్తం పోయే ప్రమాదం ఉంది, ముందు నోట్లోంచి గొట్టం వేసి లోపల చూసే ఎండోస్కోపీ చేస్తారా అని కూడా అడుగు.

చేయించాల్సే వస్తే, తొడ నుంచి చేసిన రోజు కాలు మడవకుండా గంటల తరబడి పడుకోవాలి. అన్న మూత్రానికి లేస్తానని ఒకటే గొడవ. రాత్రంతా ఆయన మోకాలి మీద చెయ్యి వేసుకుని కూర్చున్నా, సీసా అందిస్తే సిగ్గుతో మొహం గోడకు తిప్పుకున్నాడు. తర్వాత కొద్దిరోజులు జ్వరం, కుడి డొక్కలో నొప్పి, వాంతులు మామూలే. చలితో వణుకు వచ్చినా, మత్తుగా పడి ఉన్నా, మలం నల్లగా వచ్చినా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకుపో. మందుల షాపులో నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దు. పసరు పోస్తామని ఊరి నుంచి ఎవరో ఒకరు వస్తారు, మీ అమ్మ మెత్తబడుతుంది. నువ్వు గట్టిగా ఉండు.

ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను ముందే అడుగు. సంతకం పెట్టేలోపు ఒకసారి హైదరాబాద్‌లో నిమ్స్‌లోనో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలోనో చూపిద్దాం. కాజీపేటలో పొద్దున రైలు ఎక్కుదాం, నేనూ వస్తా. రిపోర్టు కాగితాలు ఒక్కటే సరిపోవు, స్కాన్ సీడీ కూడా తీసుకుని రా.

మీ మామ