కొత్త కార్వెట్‌ని చూసి కోపంగా ఇంటికొచ్చిన అబ్బాయికి

చిరంజీవి బుజ్జికి,

పెదనాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. పన్నెండు నిమిషాలు మాట్లాడావు, అందులో పది నిమిషాలు కోపమే. "ఇది కార్వెట్ కాదు పెదనాన్నా, ఫెరారీకి నకలు. ముందు బానెట్టే లేదు. మధ్యలో గోడ కట్టినట్టు బటన్లు. క్లచ్ లేదు. నా కారు అమ్మి దీన్ని కొనాలా?" అన్నావు. ఆఖర్న గొంతు తగ్గించి, "ఇంటికొచ్చాక కూడా అదే గుర్తొస్తోంది" అన్నావు. ఆ ఒక్క మాట కోసమే ఈ ఉత్తరం.

షెవర్లే వాళ్ళ ఈ స్పోర్ట్స్ కారులో కొత్త తరం వచ్చి ఇన్నేళ్ళయినా నువ్వు దాన్ని ఇప్పుడే చూశావన్నది నాకు వింతగా లేదు. రోడ్డు మీద పక్కనుంచి పోతుంటే చూడటం వేరు, కొందామని దగ్గరికెళ్ళి తలుపు తీసి చూడటం వేరు. మొదటి చూపు అంటే నా లెక్కలో ఆ రెండోదే.

నా సంగతి చెబుతాను. 2019 జులై 18 రాత్రి కాలిఫోర్నియాలోని టస్టిన్‌లో, ఒకప్పుడు గాలి ఓడలు నిలిపిన పెద్ద షెడ్డులో ఈ ఎనిమిదో తరం కార్వెట్ మీద, అదే సీ8 మీద, ముసుగు తీశారు. ఇక్కడ లూయీవిల్‌లో నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చూశాను. ఇంజన్ డ్రైవర్ వెనక్కి వెళ్ళింది, డ్రైవర్ 16.5 అంగుళాలు ముందుకి జరిగాడు. అరవై ఆరేళ్ళుగా కార్వెట్ అంటే పొడుగాటి ముక్కు, దాని వెనక ఎక్కడో చివర కూర్చున్న మనిషి. ఆ ముక్కు పోయింది. ల్యాప్‌టాప్ మూసేసి గరాజ్‌లోకెళ్ళి నా 1999 కారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాను. మనింటి మనిషిని ఎవరో బయటికి పంపేసినట్టు అనిపించింది. మీ పెద్దమ్మ వచ్చి "ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది.

అంచేత నీ కోపాన్ని తప్పు పట్టను. కానీ అది ఎక్కణ్ణుంచి వచ్చిందో చూసుకో. అంత మారిపోయిన బండి ఎదురుగా ఉంటే కన్ను దాన్ని చూడదు, పాతదాంట్లో ఉన్నవి ఇందులో ఏవేవి లేవో లెక్కపెడుతుంది. నీ మెసేజ్‌లో "లేదు" అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో విను. ఏముందో ఒక్కసారి కూడా చెప్పలేదు. అందుకే ఆ రోజు నువ్వు చూసింది సీ8ని కాదు, నీ ఎర్ర సీ7, ఆ ఏడో తరం కారు, లేకపోవడాన్ని.

కార్వెట్ వాళ్ళకి ఇది కొత్త జబ్బేం కాదు. 2005లో ఆరో తరం వచ్చినప్పుడు లేచి మూసుకునే హెడ్‌లైట్లు తీసేశారు. 1963 నుంచీ ఉన్నవి, అవి లేకపోతే అసలు మొహమే లేదన్నారు. 2014లో నువ్వు ప్రాణంగా చూసుకునే ఏడో తరం వచ్చింది. వెనక గుండ్రటి లైట్లు పోయి కోణాల లైట్లు వచ్చాయని, ఇది అదే కంపెనీ చేసే కమారో కారు వెనకభాగం అని ఎంత గొడవ చేశారో నాకు బాగా గుర్తు. ఆ గొడవ చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇవాళ నువ్వు అదే కారుని చూపించి "అసలు కార్వెట్ అంటే ఇదీ" అంటున్నావు. 1963లో వెనక అద్దం మధ్యలో నిలువు పట్టీ పెట్టారు. వెనక ఏమీ కనపడట్లేదని ఒక్క ఏడాదికే తీసేశారు. కొందరు యజమానులు ఆ పట్టీ కోసేసి 1964 అద్దం బిగించుకున్నారు కూడా. ఇప్పుడు ఆ ఒక్క ఏడాది కార్ల కోసమే ఎగబడుతున్నారు.

నకలు అన్నావు చూడు, దానికి గట్టిగా అడ్డు చెబుతాను. జోరా అర్కస్ డంటోవ్ పేరు విన్నావు కదా. బ్రస్సెల్స్‌లో రష్యన్ తల్లిదండ్రులకి పుట్టిన ఇంజనీరు. 1953లో న్యూయార్క్ ప్రదర్శనలో మొదటి కార్వెట్‌ని చూసి అదే ఏడాది షెవర్లేని నడిపే జనరల్ మోటార్స్‌లో చేరాడు. ఆయన 1960లోనే ఇంజన్ డ్రైవర్ వెనక పెట్టి సెర్వ్ 1 అనే ప్రయోగపు కారు చేశాడు. 1968లో ఆస్ట్రో 2, ఆ తరవాత ఏరోవెట్, 1986లో కార్వెట్ ఇండీ, 1990లో సెర్వ్ 3, ఇవన్నీ ఇంజన్ మధ్యలో ఉన్నవే. ఒక్కటీ షోరూమ్ దాకా రాలేదు. ఆయన 1996లో పోయాడు. ఆయన చితాభస్మం ఇక్కడికి దక్షిణాన బౌలింగ్ గ్రీన్‌లోని నేషనల్ కార్వెట్ మ్యూజియంలో ఉంది. నేను సీ8 కొనాలా వద్దా అని కొట్టుమిట్టాడుతున్నప్పుడు వెళ్ళి ఆ చోట కాసేపు నిలబడ్డాను. ఆ కోరిక ఇటలీని చూసి నిన్న మొన్న పుట్టింది కాదు, ఈ ఇంట్లోనే అరవై ఏళ్ళు తీరకుండా ఉండిపోయింది. ఆకారంలో ఇటలీ పోలిక ఉందంటే ఒప్పుకుంటాను. ఇంజన్ మధ్యలోకి వచ్చాక గాలి అక్కడికి చేరాలి, పక్కన పెద్ద రంధ్రాలు పెట్టాల్సిందే, ముందుభాగం కిందకి వాలాల్సిందే. ఎవరు గీసినా కొంత ఆ పోలిక వస్తుంది.

క్లచ్ గురించి. ఆ బాధ నాకూ ఉంది, ఇప్పటికీ ఉంది, అందులో నిన్ను ఓదార్చను. ఆ కారుకి రెండు సీట్ల మధ్య పొడుగునా సాగే టనెల్లే వెన్నెముక. గేర్ రాడ్డు వెనక్కి పంపాలంటే దాన్ని కోయాలి. పైగా మాన్యువల్ అడిగేవాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోయారు. అందుకని కాలితో క్లచ్ తొక్కే పని లేకుండా తనే గేర్లు మార్చుకునే ఎనిమిది గేర్ల డ్యూయల్ క్లచ్ ఒక్కటే ఇచ్చారు. అది మనిషి కాలికంటే త్వరగా గేరు మారుస్తుంది, సందేహం లేదు. జెడ్51 అనే స్పోర్ట్స్ ప్యాకేజీతో సున్నా నుంచి గంటకి 60 మైళ్ళు 2.9 సెకన్లలో అందుకుంటుంది. కానీ నీకు కావాల్సింది ఆ సెకన్లు కాకపోతే, నీ ఎడమ కాలికి పని కావాలనుకుంటే, ఈ కారు ఎప్పటికీ అది ఇవ్వదు. "మాన్యువల్ లేనిది కార్వెట్టే కాదు" అని మాత్రం అనకు. 1953లో చేసిన మొదటి 300 కార్లకీ రెండు గేర్ల ఆటోమేటిక్కే ఉండేది. 1982 మోడల్‌కి కూడా మాన్యువల్ లేదు.

ఇక అసలు సలహా. మొదటి చూపులో నచ్చనివాటిని రెండుగా విడదీసుకో. కంటికి నచ్చనివి ఒక పక్క, ఒంటికి నచ్చనివి ఇంకో పక్క. కంటికి నచ్చనివి చాలామటుకు మారతాయి. ఒంటికి నచ్చనివాటిలో మళ్ళీ రెండు రకాలు. మీ నాన్న కొత్త బుల్లెట్ కొన్న రోజు గుర్తుందా? పాత బుల్లెట్‌కి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. కొత్తదానికి అటుది ఇటు మార్చారు. తెనాలి నుంచి గుంటూరు వెళ్తూ గేరు మార్చబోయి రెండుసార్లు బ్రేకు తొక్కాడు. ఇంటికొచ్చి "ఇదేం బండి, అమ్మేస్తాను" అన్నాడు. రెండు వారాలకి కాలు దానంతటదే నేర్చుకుంది. అది అలవాటు లేకపోవడం. అలాంటిదానికి భయపడొద్దు. కానీ మోకాలు తగలటం, మెడ తిప్పితే వెనక లేన్ కనపడకపోవటం, దిగేటప్పుడు నడుం పట్టేయటం, ఇవి రెండు వారాల్లో పోవు, రెండేళ్ళకీ పోవు. మొదటి రోజు ఇబ్బంది పెట్టినవి పదో నెలలో ఇంకా ఎక్కువ ఇబ్బంది పెడతాయి.

ఆ బటన్ల వరస సంగతే చూడు. డ్రైవర్‌కీ పక్కసీటుకీ మధ్య ఏసీ బటన్లన్నీ ఒకే పొడుగాటి గట్టు మీద పేర్చారు. 2019లో చూడగానే జనం అన్న మొదటి మాట అదే: పక్కన కూర్చున్న మనిషికి అడ్డు గోడ అని. కొన్నాళ్ళకి అలవాటైపోతుందని నేనే చాలామందికి చెప్పాను. నా చేతికి అలవాటైంది కూడా. మీ పెద్దమ్మకి మాత్రం కాలేదు. మాటకి నా వైపు తిరిగితే మోచెయ్యి పెట్టుకోను చోటు లేదంటుంది. ఆఖరికి 2026 మోడల్‌లో కంపెనీ లోపలి భాగం మార్చి ఆ గట్టే తీసేసింది. నువ్వు చూసింది 2021 మోడల్ కాబట్టి అది నీకు కనపడింది. ఆ విషయంలో నీ మొదటి చూపు తప్పు కాదు. కొత్త మోడల్లో కూర్చుని చూడు, ఆ తరవాత ఆ ఫిర్యాదుని జాబితాలో ఉంచాలో తీసెయ్యాలో తేల్చుకో.

చూడటం ఎలాగో చెబుతాను. షోరూమ్ లైట్ల కింద చూసింది లెక్కలోకి రాదు, ఫొటోలు అసలే రావు. ఫొటోలో ఆ కారు వెనకభాగం నాకు ఎద్దుబండిలా బరువుగా కనపడింది. 2020 వేసవిలో ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర పసుపు రంగుది ఎండలో ఆగి ఉంటే మొదటిసారి అసలు మనిషి ఎత్తు పక్కన చూశాను. ఎంత కిందకి ఉందో అప్పుడు తెలిసింది. ఆ బరువంతా వెనక చక్రాల మీదికి ఎందుకు వాలిందో కూడా అప్పుడే అర్థమైంది. సాయంత్రం ఎండలో, నలభై అడుగుల దూరం నుంచి పక్కగా చూడు. తరవాత చుట్టూ ఒకసారి నడువు. వెనక అద్దంలోంచి ఇంజన్ కనపడుతుంది, అక్కడ ఆగు. 6.2 లీటర్ల వీ8, నీ కారులో బానెట్ కింద ఉన్నదాని తమ్ముడే, 490 గుర్రాలు. కార్వెట్ గుండెకాయ మారలేదని ఆ అద్దం దగ్గర నాకు నమ్మకం కుదిరింది.

లోపల అయిదు నిమిషాలు కాదు, అరగంట కూర్చో. రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్ళు. మూడుసార్లు దిగి ఎక్కు. సేల్స్ అబ్బాయిని కాసేపు దూరంగా ఉండమను, పక్కన మాట్లాడుతుంటే ఒళ్ళు చెప్పేది వినపడదు. చదరంగా ఉన్న స్టీరింగ్ కంటికి వింతగా ఉంటుంది, పట్టుకుంటే అర చేతికి ఏమంటుందో గమనించు. ముందుకి చూస్తే రోడ్డు నీ కాళ్ళ దగ్గర్నుంచే మొదలైనట్టు ఉంటుంది. ఆ దృశ్యం నీ కారులో ఎప్పుడూ దొరకలేదు. వెనక్కి చూడటం మాత్రం కష్టమే, కాబట్టి కెమెరా అద్దం ఉన్న ట్రిమ్, అంటే పై రకం, చూసుకో. కోడల్ని వెంట తీసుకెళ్ళు. పక్కసీటు గురించి ఆమె చెప్పేది నీ మాట కంటే ఎక్కువ లెక్క. ఇద్దరూ ఊరెళ్ళేటప్పుడు తీసుకెళ్ళే సంచీలు కూడా పట్టుకెళ్ళి ముందు డిక్కీలో ఒకటి, వెనక డిక్కీలో ఒకటి పెట్టి చూడండి. రూఫ్ పలక తీస్తే అది వెనక డిక్కీలోకే వెళ్తుందని మర్చిపోకు.

నడిపేటప్పుడు తెలియని హైవే మీద కాదు, నీకు ప్రతి గుంత తెలిసిన రోడ్డు మీద నడుపు. అదే రోజు, అదే రోడ్డు మీద, గంటలోపు నీ సీ7 కూడా నడుపు. చాలామంది ఈ పని చెయ్యరు. రెండూ ఒకే రోజు నడిపితేగాని నీకు నచ్చనిది కారా, మార్పా అన్నది తెలియదు. నేను అలా చేసిన రోజు నా 1999 కారు మలుపులో ముక్కుని లాక్కుంటూ తిరగటం ఇరవై ఏళ్ళలో మొదటిసారి గమనించాను. సీ8లో తిరిగేది నా నడుం దగ్గర. బరువులో దాదాపు అరవై శాతం వెనక ఉండటమంటే ఏమిటో కాగితం మీద చదివితే అర్థం కాలేదు, ఆ మలుపులో అర్థమైంది. ఇంటికొచ్చి అనిపించింది కాగితం మీద రాసుకుని డ్రాయర్‌లో పెట్టు. మూడు వారాల తరవాత మళ్ళీ వెళ్ళి చూసి, ఆ కాగితం తీసి చదువు. అందులో ఇంకా నిజంగా అనిపించేవే నిలబడే అభ్యంతరాలు. నా కాగితంలో పదకొండు ఉంటే మూడు మిగిలాయి: క్లచ్, బటన్లు, వెనక చూపు. ఆ మూడింటితో బతకగలననుకున్నాకే కొన్నాను.

డబ్బు సంగతి పెద్దగా చెప్పను, నీకు తెలుసు. కొత్త తరం వచ్చిన మొదటి ఏడాది కారు నేనెప్పుడూ కొనలేదు. 1984లో నాలుగో తరం సస్పెన్షన్ ఎంత బిగుసుగా ఉండేదంటే మరుసటి ఏడాదే మెత్తబరిచారు. అందుకే అప్పట్లో నేను 1985 మోడలే వెతికి కొనుక్కున్నాను. సీ8 కూడా 2022ది కొన్నాను. కంపెనీ వేసిన స్టిక్కర్ ధర మీద ఇంకో ఇరవై వేల డాలర్లు అడిగిన ఒక డీలర్ దగ్గర్నుంచి లేచి వచ్చేసి ఎనిమిది నెలలు ఆగాను. ఆ ఎనిమిది నెలలూ నాకు కలిసొచ్చాయి.

ఇంకొక్కటి, ఇది బతిమాలి చెబుతున్నాను. ముందు నీ సీ7 అమ్మకు. డీలర్ ఎక్స్‌ఛేంజ్‌కి మంచి రేటు ఇస్తానన్నా సరే. ఏడు గేర్ల మాన్యువల్, ముందు ఇంజన్, అలాంటి కార్వెట్‌ని ఇప్పుడు కంపెనీ చెయ్యట్లేదు. నా 1999 కారుని సీ8 వచ్చిన వారంలోనే ఇచ్చేశాను, గరాజ్‌లో చోటు లేదని. ఆ కారు నెంబరు ఇప్పటికీ నోటికి వస్తుంది. రెండూ ఉంచుకోలేకపోతే, కొత్తది కొనడం ఒక ఏడాది వాయిదా వెయ్యి గాని పాతదాన్ని తొందరపడి పంపెయ్యకు.

థ్యాంక్స్‌గివింగ్‌కి మీ పెద్దమ్మ రమ్మంటోంది. ఫ్లైట్లో రావద్దు, నీ ఎర్ర కారులోనే రా. డాలస్ నుంచి బౌలింగ్ గ్రీన్‌కి ఒక పగలంతా పడుతుంది, దారిలోనే మ్యూజియం, అక్కడ నేను కలుస్తాను. మొదటి తరం నుంచి వరసగా చూసుకుంటూ వద్దాం. అక్కణ్ణుంచి ఇంటిదాకా నువ్వు నాది నడుపు, నేను నీది నడుపుతాను. చాలా ఏళ్ళయింది క్లచ్ తొక్కి. దిగగానే ఎలా ఉందని నిన్ను అడగను. అన్నాలు తిన్నాక, అప్పటికీ నీకు చెప్పాలనిపిస్తే చెప్పు.

కోడలికి, పిల్లకి మా ఇద్దరి ఆశీస్సులు.

మీ పెదనాన్న